థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసా: ఓ, ఓ-ఏ, ఓ-ఎక్స్, ఎల్‌టీఆర్‌లలో మీకు సరిపడేది ఏది?

థాయ్‌లాండ్‌లో విశ్రాంత జీవితం గడపాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది బ్యాంకులో ఎంత చూపించాలని. ఎనిమిది లక్షల బాట్లు అన్న జవాబు ఎవరైనా చెబుతారు. మనిషిని మధ్యలో ఇరుకున పెట్టేది మాత్రం ఆరోగ్య బీమా. 52 ఏళ్లప్పుడు సులువుగా దొరికిన పాలసీ 72 వచ్చేసరికి దొరకకపోవచ్చు, దొరికినా ప్రీమియం పెన్షన్‌ను మింగేయొచ్చు. వీసా గడువు మాత్రం ఏటా తలుపు తడుతూనే ఉంటుంది. అందుకని ఏ వీసా తీసుకోవాలన్న ప్రశ్నను ఇన్సూరెన్స్ వైపు నుంచి మొదలుపెట్టడమే మేలు. ఇక్కడ పోల్చేవి నాలుగు: నాన్-ఓ (శీర్షికలోని ‘ఓ’ ఇదే; 90 రోజులు ఇచ్చి, ఆపై ఏటా ఎక్స్‌టెన్షన్‌తో, అంటే ఉండే అనుమతి పొడిగింపుతో సాగేది), ఏడాది చెల్లే ఓ-ఏ, పదేళ్ల దాకా సాగే ఓ-ఎక్స్, దీర్ఘకాల నివాస వీసా అయిన ఎల్‌టీఆర్‌లో సంపన్న పెన్షనర్ల విభాగం.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది: 30 లక్షల బాట్ల కవరేజీ ఉన్న పాలసీ మీకు ఇవాళ దొరుకుతుందా, మరో పదిహేనేళ్లు దాన్ని రెన్యువల్ చేసుకోగలరా? షుగర్, గుండెకు స్టెంట్, పాత క్యాన్సర్ వంటివి ఉంటే దీనికి నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

రెండోది: డబ్బు థాయ్ బ్యాంకులో పెట్టడానికి సిద్ధమా, సొంత దేశంలోనే ఉంచుకోవాలా? కొన్ని వీసాలకు థాయ్ ఖాతా తప్పదు, కొన్నిటికి మొదట్లో అక్కర్లేదు.

మూడోది మీ చేతిలోని పాస్‌పోర్ట్. భారత పాస్‌పోర్ట్‌తో ఓ-ఎక్స్ రాదు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు వస్తుంది.

నాలుగోది: ఏటా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి కాగితాలు సమర్పించే ఓపిక. 55 ఏళ్లప్పుడు ఇది చిన్న పని. 80 దాటాక తోడు లేకుండా కష్టం.

నాలుగు వీసాలకూ 50 ఏళ్లు నిండి ఉండాలి. ఓ, ఓ-ఏ, ఓ-ఎక్స్‌లపై ఉంటూ అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

| | నాన్-ఓ + ఏడాది ఎక్స్‌టెన్షన్ | ఓ-ఏ | ఓ-ఎక్స్ | ఎల్‌టీఆర్ (సంపన్న పెన్షనర్) |
|---|---|---|---|---|
| గడువు | 90 రోజులు, ఆపై ఏడాది చొప్పున | 1 ఏడాది | 5 + 5 ఏళ్లు | 5 + 5 ఏళ్లు |
| డబ్బు | 8 లక్షల బాట్లు లేదా నెలకు 65 వేల బాట్లు | అంతే | 30 లక్షల బాట్లు, లేదా 18 లక్షలు + ఏటా 12 లక్షల ఆదాయం | ఏటా 80 వేల డాలర్ల ఆదాయం, లేదా 40 వేలకు తగ్గని ఆదాయం + 2.5 లక్షల డాలర్ల పెట్టుబడి |
| డబ్బు ఎక్కడ | ఎక్స్‌టెన్షన్ నాటికి థాయ్ బ్యాంకులో | దరఖాస్తప్పుడు సొంత దేశంలో ఉన్నా సరే | థాయ్ బ్యాంకులో | ఆదాయం ఎక్కడిదైనా |
| ఇన్సూరెన్స్ | ఎక్స్‌టెన్షన్‌కు అడగరు | 30 లక్షల బాట్లు లేదా లక్ష డాలర్లు | తప్పనిసరి | 50 వేల డాలర్లు, లేదా లక్ష డాలర్ల డిపాజిట్ |
| పోలీస్, మెడికల్ సర్టిఫికెట్లు | ఎక్స్‌టెన్షన్‌కు అడగరు | రెండూ కావాలి | రెండూ కావాలి | పరిశీలన వేరే పద్ధతిలో |
| వీసా ఫీజు | 2,000 బాట్లు. ఎక్స్‌టెన్షన్‌కు 1,900 | 5,000 | 10,000 | 50,000 |

నాన్-ఓ: ఇన్సూరెన్స్ దొరకనివాళ్లకు తెరిచి ఉన్న దారి

పేరు చిన్నదే అయినా ఎక్కువమందికి సరిపడే దారి ఇదే. మొదట 90 రోజుల వీసా వస్తుంది. ఆ 90 రోజుల్లో థాయ్ బ్యాంకు ఖాతా తెరిచి, డబ్బు తెప్పించి, గడువు ముగిసేలోపు ఇమిగ్రేషన్‌లో ఏడాది ఎక్స్‌టెన్షన్‌కు దరఖాస్తు చేస్తారు. ఈ ఎక్స్‌టెన్షన్‌కు ఆరోగ్య బీమా చూపించనక్కర్లేదు. అయితే మొదటి 90 రోజుల వీసా ఇచ్చేటప్పుడు కొన్ని రాయబార కార్యాలయాలు ఇన్సూరెన్స్ అడుగుతాయి. ఈ-వీసా సైట్‌లో మీరు దరఖాస్తు చేసే కార్యాలయం పేజీలోని కాగితాల జాబితాను ఒకటికి రెండుసార్లు చదవండి.

డబ్బు లెక్కలో తేదీలే ప్రాణం. దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచి ఖాతాలో 8 లక్షలు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ మంజూరయ్యాక మరో మూడు నెలలు ఆ మొత్తం కదలకూడదు. ఆ తర్వాత సగం వాడుకోవచ్చు గానీ 4 లక్షల కంటే తగ్గకూడదు. తర్వాతి దరఖాస్తుకు రెండు నెలల ముందు మళ్లీ 8 లక్షలకు చేర్చాలి. ఉదాహరణకు ఏటా జూన్ 1న ఎక్స్‌టెన్షన్ అయ్యేవాళ్లకు ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 1 దాకా 8 లక్షలు, మిగిలిన ఏడు నెలలూ కనీసం 4 లక్షలు ఉండాలి. మొదటి ఏడాది నష్టపోయేవాళ్లలో చాలామంది డబ్బు లేక నష్టపోరు. ఖాతా ఆలస్యంగా తెరిచి, రెండు నెలల లెక్క 90 రోజుల్లో ఇమడక చిక్కుకుంటారు. దిగిన మొదటి పది పదిహేను రోజుల్లోనే ఖాతా తెరిచి డబ్బు వేయించేయాలి.

నెలకు 65 వేల బాట్ల ఆదాయం దారిలో వెళ్లేవాళ్లకు మరో జాగ్రత్త. తమ పౌరుల ఆదాయాన్ని ధ్రువీకరిస్తూ లేఖలు ఇవ్వడాన్ని అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా రాయబార కార్యాలయాలు మానేశాయి. ఆ లేఖ లేనివాళ్లు విదేశం నుంచి ప్రతి నెలా 65 వేలకు తగ్గకుండా థాయ్ ఖాతాకు వస్తున్నట్టు 12 నెలల రుజువు చూపించాలి. పంపింది విదేశం నుంచే అయినా, మధ్యలో ఉన్న సర్వీసు థాయ్‌లాండ్‌లోని తన స్థానిక ఖాతా నుంచి జమ చేస్తే పాస్‌బుక్‌లో అది దేశంలోపలి బదిలీగా పడుతుంది. ఆఫీసర్ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. మొదటి నెల జమ అయిన వెంటనే ఆ ఎంట్రీకి ఏ కోడ్ పడిందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. పన్నెండో నెలలో తెలిస్తే చేసేదేమీ ఉండదు. డాలరు, రూపాయి మారకం పడిపోయినా 65 వేలు దాటేలా కొంత ఎక్కువే పంపడం మంచిది.

దంపతులకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. ఇద్దరూ విడివిడిగా రిటైర్మెంట్ ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే చెరో 8 లక్షలు కావాలి. ఒకరు ప్రధాన దరఖాస్తుదారుగా, మరొకరు వారిపై ఆధారపడిన జీవిత భాగస్వామిగా తీసుకుంటే ఒక్కరి డిపాజిట్ సరిపోతుంది. దానికి ధ్రువీకరించి థాయ్‌లోకి అనువదించిన వివాహ ధ్రువపత్రం కావాలి. దీనికో చిక్కుముడి కూడా ఉంది: ప్రధాన దరఖాస్తుదారు మరణిస్తే రెండోవారి ఎక్స్‌టెన్షన్‌కు ఆధారం పోతుంది. వయసులో పెద్ద తేడా ఉన్నా, ఒకరి ఆరోగ్యం బాగోలేకపోయినా చెరో డిపాజిట్ పెట్టుకోవడమే భద్రం.

ఓ-ఏ: డబ్బు ఇంట్లోనే ఉంచుకునే సౌకర్యం, బీమా బంధం

ఓ-ఏ ను సొంత దేశంలో గానీ, చట్టబద్ధంగా నివసిస్తున్న దేశంలో గానీ దరఖాస్తు చేయాలి. థాయ్‌లాండ్ వెళ్లాక ఇది దొరకదు. దీని ఆకర్షణ డబ్బు విషయంలో ఉంది. 8 లక్షల బాట్లకు సమానమైన మొత్తం మీ దేశంలోని బ్యాంకులో చూపిస్తే చాలు. వీసా చెల్లే ఏడాదిలో ఎన్నిసార్లయినా వెళ్లి రావచ్చు. ప్రతి ప్రవేశానికీ ఏడాది దాకా ఉండే అనుమతి వేస్తారు. అందుకే వీసా గడువు తీరే ముందు ఒకసారి దేశం దాటి తిరిగొస్తే దాదాపు రెండేళ్లు గడపవచ్చని లెక్క చెబుతారు.

ఆ లెక్కను ఇన్సూరెన్స్ కత్తిరిస్తుంది. 2019 అక్టోబరు 31 నుంచి ఓ-ఏ కు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. అప్పటి షరతు అవుట్‌పేషెంట్‌కు 40 వేలు, ఇన్‌పేషెంట్‌కు 4 లక్షల బాట్లు. 2021లో దాన్ని 30 లక్షల బాట్లకు, అంటే లక్ష డాలర్లకు పెంచారు. విమానాశ్రయంలో ఆఫీసర్ మీ పాలసీ ముగిసే తేదీ చూసి, ఆ తేదీ దాకానే అనుమతి వేస్తారు. పాలసీలో నాలుగు నెలలే మిగిలి ఉంటే చేతిలో ఏడాది వీసా ఉన్నా నాలుగు నెలల ముద్రే పడుతుంది. రెండో ప్రవేశానికి ముందే పాలసీ రెన్యువల్ చేయించి, కొత్త సర్టిఫికెట్ ప్రింటు చేతిలో పట్టుకుని దిగాలి.

ఓ-ఏ తీసుకునేవాళ్లు ముందే తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఓ-ఏ తో ప్రవేశించినవారు తర్వాత థాయ్‌లాండ్‌లోనే ఏటా ఎక్స్‌టెన్షన్ తీసుకుంటూ పోయినా ఇన్సూరెన్స్ షరతు వెంటే వస్తుంది. పక్క కిటికీ దగ్గర నాన్-ఓ మీద నిలబడ్డ మనిషిని అడగని కాగితం మిమ్మల్ని అడుగుతారు. దాన్నుంచి బయటపడాలంటే రీ-ఎంట్రీ పర్మిట్ (బయటికెళ్లి తిరిగొచ్చినా పాత అనుమతి చెల్లేలా ముందే తీసుకునే కాగితం) లేకుండా దేశం దాటి, ఆ అనుమతిని రద్దు కానిచ్చి, నాన్-ఓ తో మొదటినుంచి మొదలుపెట్టాలి. ఎక్స్‌టెన్షన్ నాటికి డబ్బు కూడా థాయ్ బ్యాంకులోకి రావలసిందే. సొంత దేశంలో ఉంచుకోవచ్చన్న సౌకర్యం తొలి ఏడాది రెండేళ్లకే.

వయసు, ఆరోగ్యం కారణంగా బీమా సంస్థ తిరస్కరించినవారికి ఎక్స్‌టెన్షన్ దశలో ఒక మినహాయింపు ఉంది. తిరస్కరణ లేఖతో పాటు, ఉన్న కవరేజీ, డిపాజిట్లు వగైరా కలిపి 30 లక్షలకు సరిపడా చూపించవచ్చు. అంత డబ్బు పక్కన పెట్టగలిగినవాళ్లకే ఇది పనికొస్తుంది.

కాగితాల్లో పోలీస్ క్లియరెన్స్, మెడికల్ సర్టిఫికెట్ మూడు నెలలకు మించి పాతవి కాకూడదు. కుష్ఠు, క్షయ, ఏనుగుకాలు వ్యాధి, మాదకద్రవ్యాల వ్యసనం, మూడో దశ సిఫిలిస్ లేవని డాక్టర్ పేరుపేరునా రాయాలి. 'ఆరోగ్యంగా ఉన్నారు' అని ఒక్క వాక్యం రాసిస్తే వెనక్కి పంపుతారు. క్లియరెన్స్ రావడం ఆలస్యమైతే అప్పటికే తీసుకున్న మెడికల్ గడువు దాటిపోతుంది. అందుకని క్లియరెన్స్‌కు ముందు పెట్టి, అది చేతికొచ్చాకే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఓ-ఎక్స్: 14 దేశాలవారికే

జపాన్, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫిన్లాండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్, నార్వే, స్వీడన్, స్విట్జర్లాండ్, బ్రిటన్, కెనడా, అమెరికా పాస్‌పోర్ట్‌లకే ఇది ఇస్తారు. 30 లక్షల బాట్లు మొదటి ఏడాది ముట్టుకోకూడదు, తర్వాత కూడా సగానికి తగ్గకూడదు. దానిపై ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. అంత డబ్బు థాయ్ బ్యాంకులో బిగించుకోగలిగినవాళ్లు నాన్-ఓ కు 8 లక్షలు పెట్టి, మిగతా 22 లక్షలను చికిత్స నిధిగా ఉంచుకోవడమే తెలివైన పని అనిపిస్తుంది. ఏటా ఎక్స్‌టెన్షన్‌కు తిరగలేని వాళ్లకు మాత్రం దీనికో విలువ ఉంది.

ఎల్‌టీఆర్: ఆదాయం పెద్దదైతే అన్నిటికన్నా హాయి

2022 సెప్టెంబరు 1న మొదలైన ఈ వీసాకు అర్హతను థాయ్‌లాండ్ పెట్టుబడుల బోర్డు పరిశీలిస్తుంది. ఏటా 80 వేల డాలర్ల ఆదాయం ఉండాలి. అదీ పెన్షన్, అద్దె, డివిడెండ్, వడ్డీ వంటి, పని చేయకుండా వచ్చేది కావాలి. జీతం లెక్కలోకి రాదు. 40 వేల నుంచి 80 వేల మధ్య ఉంటే థాయ్ ప్రభుత్వ బాండ్లలో గానీ, ఆస్తిలో గానీ, ప్రత్యక్ష పెట్టుబడిగా గానీ 2.5 లక్షల డాలర్లు పెట్టాలి.

ఇన్సూరెన్స్ అడిగే వీసాల్లో ఇదే అన్నిటికన్నా ఉదారం. థాయ్‌లాండ్‌లో చికిత్సకు 50 వేల డాలర్ల కవరేజీ ఉంటే చాలు, దరఖాస్తు నాటికి పాలసీలో కనీసం 10 నెలలు మిగిలి ఉండాలి. పాలసీ దొరకనివాళ్లు లక్ష డాలర్లు 12 నెలలుగా బ్యాంకులో ఉన్నట్టు చూపించవచ్చు, ఆ ఖాతా థాయ్‌లాండ్ బయట ఉన్నా సరే. 75 ఏళ్లు దాటి, బీమా సంస్థలన్నీ తలుపు మూసినా ఆస్తి ఉన్నవారికి ఇంతకన్నా చక్కని దారి లేదు. ప్రతి 90 రోజులకూ ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలిపే రిపోర్టింగ్ బదులు ఏడాదికోసారి రిపోర్ట్ చేస్తే సరిపోతుంది.

పన్ను లాభం కూడా చిన్నదేం కాదు. ఏడాదిలో 180 రోజులు ఉన్నవారు థాయ్ పన్ను నివాసులు. 2024 జనవరి 1 నుంచి వీరు విదేశంలో సంపాదించి థాయ్‌లాండ్‌లోకి తెచ్చుకున్న ఆదాయం పన్ను పరిధిలోకి వచ్చింది. సంపన్న పెన్షనర్ ఎల్‌టీఆర్‌కు ఆ విదేశీ ఆదాయంపై మినహాయింపు ఉంది. ఓ, ఓ-ఏ లపై ఉన్నవారు తమ దేశానికీ థాయ్‌లాండ్‌కూ మధ్య ఉన్న ద్వంద్వ పన్ను ఒప్పందం పెన్షన్‌ను ఎలా చూస్తుందో ముందే ఒక పన్ను సలహాదారుతో మాట్లాడుకోవాలి.

ఇవేవీ కుదరనివారికి, డబ్బు కట్టి దీర్ఘకాల వీసా పొందే థాయ్‌లాండ్ ప్రివిలేజ్ సభ్యత్వం ఉంది. ఐదేళ్ల గోల్డ్‌కు 9 లక్షల బాట్లు. ఇన్సూరెన్స్, ఆదాయం, డిపాజిట్ ఏదీ అడగరు. కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు. నాన్-ఓ లో 8 లక్షలు మీ ఖాతాలోనే ఉంటాయి, ఇక్కడ 9 లక్షలు ఖర్చయిపోతాయి. ఆ తేడాను మరిచిపోవద్దు.

పాలసీలో చదవాల్సిన గీతలు

వీసా ఆఫీసర్ సర్టిఫికెట్‌లో అంకెలు, తేదీలు, పేరు చూస్తారు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ మిగతాదంతా చూస్తుంది. ఈ రెండిటికీ వేర్వేరుగా సిద్ధపడాలి.

ఇండియాలో తీసుకున్న సాధారణ ఆరోగ్య పాలసీ దేశంలోపలి చికిత్సకే పనిచేస్తుంది. ట్రావెల్ పాలసీ కొన్ని నెలలకే పరిమితం, పైగా అత్యవసర చికిత్స దాటి చాలావాటికి ఇవ్వదు. విదేశీ బీమా సంస్థ పాలసీతో ఓ-ఏ కు వెళ్లాలంటే నిర్ణీత విదేశీ బీమా సర్టిఫికెట్ నమూనాపై ఆ సంస్థ సంతకం, ముద్ర వేసి ఇవ్వాలి. కవరేజీ కోటి డాలర్లున్నా, మాకు ఆ పద్ధతి లేదని సంస్థ సంతకం చేయకపోతే ఆ పాలసీ వీసాకు పనికిరాదు. ప్రీమియం కట్టే ముందే ఆ ఫారం పంపి, సంతకం చేస్తామని ఈమెయిల్‌లో రాయించుకోండి. థాయ్ సంస్థ పాలసీ తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. థాయ్ సాధారణ బీమా సంఘం ఇందుకోసం ఆమోదిత పాలసీల జాబితా నడుపుతోంది.

తర్వాత డిడక్టిబుల్. ప్రీమియం ఒక్కసారిగా సగానికి తగ్గినట్టు కనిపిస్తే అక్కడ 2 లక్షలో 3 లక్షలో మీరు ముందు కట్టుకునే షరతు ఉండి ఉంటుంది. చేతిలో ఆ మేర నగదు ఉంచుకోగలిగినవాళ్లకు అది తప్పుడు బేరమేం కాదు. పెద్ద జబ్బుకు రక్షణ ఉంటుంది, ఏటా ప్రీమియం మిగులుతుంది. నగదు లేనివాళ్లకు మాత్రం చిన్న ఆపరేషన్ కూడా జేబు నుంచే పోతుంది.

వెయిటింగ్ పీరియడ్ మూడోది. థాయ్ పాలసీల్లో మామూలు జబ్బులకు 30 రోజులు, హెర్నియా, శుక్లాలు, రాళ్లు, మొలలు, కణితుల వంటివాటికి 120 రోజులు ఆగాలి. పాత జబ్బులు దాచిపెట్టి పాలసీ తీసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. క్లెయిమ్ వచ్చినప్పుడు పాత రికార్డులు తిరగేస్తారు. దాచినట్టు తేలితే ఆ క్లెయిమ్ ఒక్కటే పోదు, పాలసీ మొత్తం రద్దవుతుంది. ఓ-ఏ పై ఉన్నవారికి దానితోపాటు వీసా ఆధారమూ పోతుంది.

కో-పేమెంట్ కొత్తగా వచ్చింది. 2025 మార్చి 20 నుంచి మొదలైన పాలసీల్లో, చిన్న జబ్బులకు ఏడాదిలో మూడు అంతకన్నా ఎక్కువసార్లు ఆసుపత్రిలో చేరి, క్లెయిమ్ మొత్తం ప్రీమియంకు రెండింతలు దాటితే రెన్యువల్‌లో ఆసుపత్రి బిల్లులో 30 శాతం మీరు భరించాలనవచ్చు. ఇతర జబ్బుల క్లెయిమ్‌ల హద్దు కూడా దాటితే అది 50 శాతం దాకా వెళ్తుంది. జ్వరానికీ, విరేచనాలకూ అడ్మిట్ అయిపోయే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

చేరే వయసు, కొనసాగే వయసు వేర్వేరు. చాలా సంస్థలు 70 లేదా 75 దాటాక కొత్తవారిని తీసుకోవు గానీ, ముందే చేరినవారిని అంతకు మించి కొనసాగిస్తాయి. అందుకే వీసాకు అక్కర్లేకపోయినా, 60లలో ఉన్న నాన్-ఓ వాళ్లు కూడా ఒక పాలసీలో ఉండటం మంచిది.

ఎవరికి ఏది

50 నుంచి 60 మధ్య ఉండి, ఆరోగ్యం బాగుండి, అక్కడ స్థిరపడాలో లేదో ఇంకా తేల్చుకోనివారు ఓ-ఏ తీసుకోవచ్చు. డబ్బు సొంత దేశంలోనే ఉంటుంది, ఒక ఏడాది చూసి రావచ్చు. నచ్చి స్థిరపడాలనుకుంటే ఓ-ఏ నే పొడిగించుకుంటూ పోవద్దు. బయటికొచ్చి నాన్-ఓ కు మారండి.

స్థిరపడాలని నిర్ణయించుకున్నవారికి, వయసు ఎంతైనా, నాన్-ఓ నే మొదటి ఎంపిక. ఇన్సూరెన్స్ దొరకనివారు 8 లక్షల డిపాజిట్‌ను చికిత్స డబ్బుగా లెక్కేసుకోకూడదు. దాన్ని వాడితే మరుసటి ఎక్స్‌టెన్షన్ పోతుంది. విడిగా, పెనాల్టీ లేకుండా వెంటనే తీయగలిగే ఖాతాలో చికిత్స నిధి ఉండాలి. ఇండియా నుంచి పంపేవారికి ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఒకరికి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల పరిమితి ఉంది. డిపాజిట్‌కు, చికిత్స నిధికి కలిపి కూడా అది సరిపోతుంది.

పెన్షన్, అద్దెలు కలిపి ఏటా 80 వేల డాలర్లు దాటేవారు మరోటి ఆలోచించకుండా ఎల్‌టీఆర్‌కు వెళ్లడమే సబబు.

ఏ వీసా తీసుకున్నా బీమాతో సంబంధం లేని మూడు పొరపాట్లు వీసాను చెడగొడతాయి. దేశం దాటే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకపోతే ఓ, ఓ-ఏ ల ఎక్స్‌టెన్షన్ అక్కడితో రద్దు. ఆ పర్మిట్ ఫీజు ఒక్కసారికి 1,000, పలుమార్లకు 3,800 బాట్లు. 90 రోజుల రిపోర్ట్, అంటే టీఎం 47, ఆలస్యమైతే 2,000 బాట్ల జరిమానా. విదేశీయులు తన ఇంట్లో ఉంటున్నారని ఇంటి యజమాని 24 గంటల్లో ఇవ్వాల్సిన టీఎం 30 నమోదు లేకపోతే ఎక్స్‌టెన్షన్ రోజున కిటికీ దగ్గరే ఆపేస్తారు. అందుకని ఇంటి అద్దె ఒప్పందం మీద సంతకం చేసే ముందే, టీఎం 30 వేసి రసీదు ఇస్తారా అని యజమానిని అడగండి. ఇవ్వనంటే ఆ ఇల్లు వదిలేసి మరొకటి చూసుకోండి.